ప్లూటోని జరిపే రోజు

యవోర్నా ఊళ్ళో ప్లూటో అంటే ఒక ఆవగింజ.

కొండ మీది వేధశాల గుమ్మం పక్కన మనిషి ఛాతీ ఎత్తున ఒక ఇనుప గోళం ఉంటుంది. అది సూర్యుడు. అక్కణ్ణుంచి ఊరి వైపు దిగుతూ పోతే దారి పక్కన ఒక్కో గ్రహానికి ఒక్కో రాయి, రాతిలో గాజు బిళ్ళ కింద ఆ గ్రహం. భూమి రేగుపండంత. గురుడు చిన్న కర్బూజా అంత. ఊరు దాటి, రైలు గేటు దాటి, బంగాళాదుంపల చేలు దాటి, పైన్ అడవిలో బాగా లోపలికి వెళ్ళాక నిమ్మకాయంత నెప్ట్యూన్. ఆ దారిలో ఒక మీటరు నడిస్తే ఆకాశంలో పది లక్షల కిలోమీటర్లు నడిచినట్టు లెక్క.

హెద్వికా తమ్ముడు ప్రోకోప్ ఆ దారి వేసి ఇరవై రెండేళ్ళయింది. ప్లూటోకి పెట్టిన ఆవగింజ ఆమె వంటింటి డబ్బాలోదే. ఒక ఆదివారం మధ్యాహ్నం వచ్చి, డబ్బా మొత్తం బల్ల మీద గుమ్మరించి, ఒక్కో గింజనూ పట్టి కొలుస్తూ కూర్చున్నాడు.

"అక్కా, రెండు మిల్లీమీటర్ల మీద ఇంకాస్త ఉండాలి. అంతకంటే ఎక్కువా కాకూడదు, తక్కువా కాకూడదు."

"కోడల్ని ఎంచుతున్నట్టు ఎంచుతున్నావు. ఒక గింజ తక్కువైతే ఆకాశం కూలుతుందా?"

"ఆకాశం కూలదు. నా లెక్క కూలుతుంది."

చివరికి ఒకటి నచ్చింది. మిగతా ఆవాలు ఆమె మామూలుగానే ఊరవేసిన దోసకాయల జాడీలో వేసుకుంది. ఆ ఏడాదంతా ప్రోకోప్ భోజనానికి వచ్చినప్పుడల్లా పళ్ళెంలో ఆవగింజని వేలితో జరిపి, "పాపం, పరీక్ష తప్పిన గ్రహం" అనేవాడు.

మిగతా రాళ్ళన్నీ సిమెంటులో పాతినవే. ప్లూటో రాయి ఒక్కటే చెక్క బండి మీద ఉండేది. చక్రాలుండవు, మంచు మీద లాగే బండికి ఉన్నట్టు కింద రెండు పట్టీలు. మిగతా గ్రహాలు ఇంచుమించు గుండ్రని దారుల్లో తిరుగుతాయి కాబట్టి వాటిని ఒకచోట పాతినా పెద్ద తప్పు కాదు. ప్లూటో దారి సాగదీసినట్టుంటుంది. కొన్నాళ్ళు సూర్యుడి దగ్గరికి వస్తుంది, తర్వాత ఏళ్ళ తరబడి దూరంగా పోతూనే ఉంటుంది. కదిలేదాన్ని కదలనట్టు చూపిస్తే పిల్లలకి అబద్ధం చెప్పినట్టే అనేవాడు ప్రోకోప్. అందుకని ఏటా సెప్టెంబరు చివర, సెయింట్ వాత్స్లావ్ పండుగనాడు, అది ఆ ఏడు ఎంత జరిగిందో లెక్కకట్టి అంతమేరా బండిని లాగేవాళ్ళు. ఊళ్ళో దాన్ని ప్లూటోని జరిపే రోజు అనేవారు. కొలతాడు ప్రోకోప్‌ది. రొట్టె, ఆవముద్ద, ఫ్లాస్కులో టీ హెద్వికావి. మంట, దాని మీద కాల్చే సాసేజులు ఫారెస్టు గార్డు హినెక్‌వి. అన్నీ మోయడానికి ఒప్పుకుని ఏదీ మోయకుండా వెనకాల కబుర్లు చెప్పుకుంటూ వచ్చేవాడు మందుల షాపు క్విదో.

దారి ప్రారంభించిన ఏడు జరిగిన సంగతి హినెక్ ఇప్పటికీ చెబుతాడు. ఆ రోజుల్లో ప్లూటో సూర్యుడికి దగ్గరగా వచ్చి, నెప్ట్యూన్ కంటే ఇవతల ఉండేది. ప్రోకోప్ రాయిని కూడా ఇవతలే పెట్టాడు. జిల్లా సాంస్కృతిక శాఖ నుంచి వచ్చిన అధికారి కొత్త బూట్లతో అంత దూరమూ నడిచి వచ్చి, ప్లూటో రాయి ముందు ఆగి, అవతల కనిపిస్తున్న నెప్ట్యూన్ రాయిని చూశాడు.

"కామ్రేడ్, ఎనిమిదోది రాకముందే తొమ్మిదోది వచ్చిందేమిటి?"

"ప్రస్తుతం అలాగే ఉంది కామ్రేడ్."

"ఎవరి అనుమతితో?"

ప్రోకోప్ టోపీ తీసి, సూర్యుడున్న వైపు చూశాడు. అప్పటికి కుర్రవాడైన హినెక్ నవ్వు దాచుకోడానికి దగ్గుతూ చెట్టు చాటుకి పరుగెత్తాడు. అధికారి కాళ్ళు బొబ్బలెక్కి ఉన్నాయి. సంతకం పెట్టి, ట్రాక్టరెక్కి వెళ్ళిపోయాడు.

మొదటి ఐదేళ్ళూ రాయిని ఊరి వైపే లాగారు. ఎనభై తొమ్మిది సెప్టెంబరులో ప్లూటో దగ్గరగా రావడం మానేసి వెనక్కి తిరిగింది. రెండు నెలలకి ప్రాగ్ వీధుల్లో జనం తాళంచెవుల గుత్తులు పైకెత్తి ఊపారు, కమ్యూనిస్టు ప్రభుత్వం పోయింది. "ముందు తిరిగింది మన రాయే" అనేవాడు హినెక్. పదేళ్ళ తర్వాత ప్లూటో నెప్ట్యూన్ దూరాన్ని దాటిపోయిన ఏడు క్విదో ప్లమ్ పళ్ళ సారా సీసా తెచ్చాడు. ప్రోకోప్ తన టోపీ తీసి నెప్ట్యూన్ రాయికి పెట్టి, "ఇక నువ్వే ఇవతలి వాడివి, ఊరిని చూసుకో" అన్నాడు. ఆ టోపీ మరిచిపోయి వచ్చి, మర్నాడు వానలో వెళ్ళి తెచ్చుకున్నాడు. హెద్వికా వారం రోజులు తిట్టింది.

ఈ ఏడు ఫిబ్రవరిలో ప్రోకోప్ పోయాడు. గుండె జబ్బు.

ఆగస్టు చివర హెద్వికా వంటింట్లో ప్లమ్ పళ్ళ గుజ్జు కలుపుతోంది. ఆ గుజ్జు పొద్దుట్నుంచి సాయంత్రం దాకా సన్నని సెగ మీద ఉడకాలి, చెయ్యి ఆపితే అడుగంటుతుంది. ముప్పై ఆరేళ్ళు పిల్లలకి భూగోళమూ భౌతికశాస్త్రమూ చెప్పి రిటైరయిన మనిషి. గరిట తిప్పుతూ రేడియో వినడం ఆమెకి ఆ కాలంలో అలవాటు. ప్రాగ్‌లో జరుగుతున్న ఖగోళ శాస్త్రజ్ఞుల మహాసభ పసుప్పచ్చ కార్డులెత్తి తీర్మానించిందని వార్తల్లో చెప్పారు. ఇక గ్రహాలు ఎనిమిదే. ప్లూటో మరుగుజ్జు గ్రహం.

ఆమె తమ్ముడు ఉండిన కింది వాటా మెట్ల వైపు తిరిగి, "ప్రోకోప్, విన్నావట్రా" అనడానికి నోరు తెరిచింది.

గుజ్జు అడుగంటిన వాసన వచ్చింది. పొయ్యి ఆర్పి, గరిటతో అడుగు గోకుతూ నిలబడింది.

సెప్టెంబరు నడిమికి క్విదో వచ్చాడు. అతను, ప్రోకోప్ బడిలో ఒకే బల్ల మీద కూర్చున్నవాళ్ళు. వేధశాల సంఘానికి ఇప్పుడు అధ్యక్షుడు. కుర్చీ చివర కూర్చుని, టోపీ మోకాలి మీద పెట్టుకున్నాడు.

"అక్కయ్యా, వచ్చే శుక్రవారం సంఘం సమావేశం. రాయి సంగతి తేల్చాలి."

"ఏం తేలుస్తావు?"

"దారికి కొత్త బోర్డు వేయిస్తున్నాం. ఎనిమిదని వెయ్యాలి. బోర్డు మీద ఎనిమిది, దారిలో తొమ్మిది అంటే బడిపిల్లలు నవ్వరూ? రాయిని తెచ్చి వేధశాల వరండాలో గౌరవంగా పెడదామని నా మాట."

"హినెక్ ఏమంటున్నాడు?"

"వాడు కత్తి నూరుతున్నాడు. ప్రోకోప్ చివరిసారి తన చేత్తో పెట్టిన చోటే సిమెంటు పోసి, పేరు చెక్కించి, స్మారకంగా ఉంచాలట. ఎవడైనా కదిపితే అడవిలోకి రానివ్వడట." క్విదో మోకాలి మీది టోపీని అటూ ఇటూ తిప్పాడు. "మీరు ఏదంటే అదే అవుతుంది. మీ మాట కాదని ఎవరూ చెయ్యెత్తరు."

"అందుకే నేను చూసుకుని మాట్లాడాలి" అంది హెద్వికా. "ఈ ఏడు జరిపే రోజు ఉందా, లేదా?"

"శుక్రవారం తేలాకే కదా, అక్కయ్యా."

అతను వెళ్ళాక ఆమెకి అదే ఆలోచన. వరండాలో పెట్టినా, సిమెంటులో పాతినా ఒక్కటే. ఇక దాన్ని జరిపేవాళ్ళుండరు. ఇరవై రెండేళ్ళుగా ఏడాదికి ఒకసారి తమ్ముడితో కలిసి చేసిన పని అక్కడితో ఆగిపోతుంది. అది ఆగకూడదని ఆమెకి ఉంది. కానీ తనకి ఉన్నంతమాత్రాన అది న్యాయమవుతుందా అని కూడా ఉంది.

ఆదివారం పొద్దున్నే ప్రోకోప్ గదిలో మేకుకి వేలాడుతున్న కొలతాడు తీసుకుని అడవికి బయల్దేరింది. తోడుగా రదానా వచ్చింది. ఆమె దగ్గర చదువుకున్న పిల్ల, ఇప్పుడు శుక్రవారాలు జనానికి టెలిస్కోపు చూపించే బాధ్యత తనదే. ప్లూటో ఈ ఏడు ఎంత దూరంలో ఉందో కంప్యూటరులో చూసి, ఒక కాగితం ముక్క మీద రాసుకొచ్చింది.

"పోయినేటిది కూడా చూడమన్నాను, చూశావా?" అంది హెద్వికా.

"చూశాను టీచర్. కానీ అది ఎందుకు?"

"కొత్త లెక్క చేసేముందు పాత జవాబు సరిచూసుకోవాలి. నీకు ఎన్నిసార్లు చెప్పాను?"

"చెప్పారు. సున్నా కూడా వేశారు."

సూర్యుడికీ భూమికీ ఉన్న దూరం ఆ దారిలో నూట యాభై మీటర్లు. ప్రోకోప్ తాడు అందులో పదోవంతు. నెప్ట్యూన్ రాయి దగ్గర ఒక కొస రదానా పట్టుకుంది, రెండో కొస పట్టుకుని హెద్వికా నడిచింది. తాడు చాచి, గుర్తుగా పైన్ కాయ పెట్టి, మళ్ళీ చాచి, అలా ప్లూటో రాయి దాకా వచ్చారు. రదానా కాగితం చూసింది. మళ్ళీ చూసింది.

"టీచర్, నేనెక్కడో తప్పు రాసినట్టున్నాను. రాయి పోయినేడు ఉండాల్సిన చోట లేదు. పాతిక మీటర్లు ఇవతలే ఉంది."

మళ్ళీ కొలిచారు. అంతే వచ్చింది. రాయి ఉన్నది అంతకుముందటి ఏటి చోటు.

"తప్పు నీది కాదులే" అంది హెద్వికా. "మంట దగ్గర రాళ్ళు చెదిరిపోయాయేమో, వెళ్ళి సర్దిరా. పండుగకి కావాలిగా."

రదానా వంపు తిరిగి వెళ్ళిపోయింది. హెద్వికా బండి పక్కన వంగి పట్టీలు చూసింది. రెండూ నేలలోకి దిగబడి, వాటి మీదుగా నాచు పెరిగింది. ఒక ఏటి నాచు కాదు అది.

పోయినేడు పండుగనాడు తుంపర పడుతోంది. ప్రోకోప్ ఊపిరి అప్పటికే బరువుగా ఉండేది. ఊరు దాటేసరికే రెండుసార్లు ఆగి, బూటు తాడు కట్టుకున్నాడు. ఇక్కడికి వచ్చాక ఆమెతో అన్నాడు: "అక్కా, హినెక్ ఒక్కడే తడి కట్టెలతో కుస్తీ పడుతున్నాడు. నువ్వెళ్ళి మంట సంగతి చూడు. క్విదోని కూడా తీసుకుపో, వాడిక్కడుంటే నాకు అడ్డం. దీన్ని నేను చూసుకుంటాను."

"ఒక్కడివే లాగుతావా?"

"తొమ్మిది గ్రహాల్లోకీ తేలికైనదే కదే."

మంట అంటుకుని సాసేజులు చిటపటలాడే వేళకి ఆమె వెనక్కి వచ్చింది. ప్రోకోప్ రాయికి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. "అయిపోయింది" అన్నాడు. అరచేతుల నిండా బురద, మోకాళ్ళకి బురద. ఆమె చేతిరుమాలుతో అతని చేతులు తుడిచింది. "చిన్నపిల్లాడి కంటే అన్యాయం" అంది. అతను చేతులు చాచి తుడిపించుకున్నాడు. అలా అంతకుముందు ఎప్పుడూ చెయ్యలేదు. ఆమె అది గమనించింది కానీ, వాన పెరగడంతో ఆలోచించలేదు.

ఇప్పుడు అర్థమైంది. లాగాడు. నెట్టాడు. మోకాళ్ళ మీద పడ్డాడు. బండి కదల్లేదు. జీవితంలో ఒక్క ఆవగింజ దగ్గర కూడా రాజీపడనివాడు అయిపోయిందని అన్నాడు.

"పిలిస్తే వచ్చేదాన్ని కదరా" అంది హెద్వికా, రాయితో.

శుక్రవారం సాయంత్రం వేధశాలలో పదిహేను మంది దాకా చేరారు. రదానా ప్రాగ్‌లోలాగే ఉండాలని పసుప్పచ్చ అట్ట కత్తిరించి తలా ఒక కార్డు ఇచ్చింది. క్విదో తన మాట చెప్పాడు. హినెక్ లేచి, ఆకుపచ్చ యూనిఫాం చొక్కా సర్దుకున్నాడు.

"అయ్యా, అమ్మా. ప్రాగ్‌లో ఓటేసింది ఎంతమంది? ఆఖరి రోజు, సగం మంది పెట్టెలు సర్దుకుని విమానాలెక్కాక, మిగిలినవాళ్ళు చెయ్యెత్తారట. మన పాలసంఘంలో అలా చేస్తే ఊరుకుంటామా? ప్రోకోప్ తొమ్మిదన్నాడు. నాకు తొమ్మిదే. టీచరమ్మ కూడా అదే అంటుంది."

అందరూ హెద్వికా వైపు చూశారు. ఆమె లేచింది. తరగతిలో ముందు సుద్దముక్క కోసం చూసుకునే అలవాటు ఇంకా పోలేదు. చేతిలో ఉన్నది కార్డే.

"హినెక్ చెప్పినదాంట్లో ఓటు సంగతి నిజమే కావచ్చు. సభ సరిగా జరగలేదని అనేవాళ్ళు శాస్త్రజ్ఞుల్లోనే ఉన్నారు. కానీ వాళ్ళు ఓటేసింది ఒక పేరుకి. ఆ పేరు వెనక ఉన్న సంగతి ఓటు మీద ఆధారపడి లేదు. గ్రహం అనాలంటే మూడు ఉండాలన్నారు. మొదటిది, సూర్యుడి చుట్టూ తిరగాలి. ఇంకో గ్రహం చుట్టూ తిరిగితే అది చంద్రుడు, ఈ లెక్కలోకి రాదు. ప్లూటో తిరుగుతుంది. రెండోది, తన బరువుకి తనే గుండ్రబడి ఉండాలి. చిన్న రాళ్ళు బంగాళాదుంపల్లా వంకరగా ఉండిపోతాయి. తగినంత బరువుంటే తనని తనే అన్నివైపుల నుంచీ లోపలికి నొక్కుకుని ముద్దలా అవుతుంది. ప్లూటో అయింది. మూడోది, తను తిరిగే దారిని తనే ఊడ్చుకుని ఉండాలి."

"ఊడ్చుకోనివాణ్ణి లెక్కలోంచి తీసేస్తే, టీచరమ్మా, మా ఆవిడ నన్ను మొగుళ్ళలోంచి ఎప్పుడో తీసేసింది" అన్నాడు హినెక్.

నవ్వులు ఆగేదాకా ఆమె ఆగింది.

"భూమి తిరిగే దారిలో భూమిదే రాజ్యం. అడ్డొచ్చినవాటిని తనలో కలుపుకుంది, లేదా తరిమేసింది. ప్లూటో అలా చెయ్యలేదు. దాని చుట్టుపక్కల అలాంటివే వేలకు వేలున్నాయి. పైగా నెప్ట్యూన్ మూడు చుట్లు తిరిగితే ప్లూటో సరిగ్గా రెండు తిరుగుతుంది. నెప్ట్యూన్ తాళానికి అది అడుగు వేస్తుంది. దాని తాళానికి నెప్ట్యూన్ వెయ్యదు. మొదటి రెండూ ఉండి మూడోది లేనివాటిని మరుగుజ్జు గ్రహాలన్నారు. నేను బడిలో ఉంటే సోమవారమే పిల్లలచేత దిద్దించి ఉండేదాన్ని. ప్రోకోప్ కోసమని తొమ్మిది అనలేను. అతను ఒప్పుకోడు."

హినెక్ కూర్చున్నాడు. మొహం చిన్నబోయింది. "అయితే మీరు క్విదో పక్షం" అన్నాడు మెల్లగా.

"ఎనిమిదనే మాటకి పక్షం. రాయి తీసెయ్యమన్న మాటకి కాదు. గ్రహం కాదన్నానే కానీ, లేదనలేదు. పోయినేడు తిరిగినట్టే ఈ ఏడూ తిరుగుతోంది."

"మరి న్యాయం, అక్కయ్యా?" అన్నాడు క్విదో. "ఒక మరుగుజ్జుకి రాయి ఉంటే తక్కినవాటికి ఉండొద్దూ? గురుడికి ఇవతల తిరిగే సీరీస్‌ని కూడా ఇదే వరసలో వేశారు. కొత్తగా దొరికిన ఎరిస్ ఉంది. దానివల్లే కదా ఈ గొడవంతా. ప్లూటోని ఉంచాలంటే అది కూడా గ్రహమే అనాల్సి వచ్చేది."

"ఉండాల్సిందే. పెట్టాల్సిందే."

"ఎరిస్ మన లెక్కలో పద్నాలుగు కిలోమీటర్ల అవతల. రొకిత్నా చెరువు దగ్గర తేలుతుంది."

"అక్కడ మా తోడల్లుడి పశువుల కొట్టముంది" అన్నాడు హినెక్, తల ఎత్తి. "నేను మాట్లాడతాను. వాడు నాకు ఒక రంపం బాకీ."

"సీరీస్?" అంది రదానా.

"గసగసాల గింజంత" అంది హెద్వికా. "కొండ దిగాక బేకరీ దగ్గర పడుతుంది. వాళ్ళ బన్ను మీదిది ఒకటి చాలు."

"ఇంక ఒకటే మిగిలింది" అన్నాడు క్విదో. "రాయి ఉంటే ఉండనిద్దాం. హినెక్ అన్నట్టు అక్కడే పాతి, ప్రోకోప్ పేరు పెట్టేద్దాం. ఏటేటా లాగేవాళ్ళెవరు? మనం ముసలివాళ్ళమవుతున్నాం. అతను చివరిసారి పెట్టిన చోటు, అదే బాగుంటుంది."

"సిమెంటు పొయ్యొద్దు" అంది హెద్వికా.

"ఎందుకు?"

ఆమె కార్డు అంచుని బొటనవేలితో సాపు చేసింది. అందరూ ఎదురుచూస్తున్నారు. పోయినేడు పైన్ చెట్ల కింద జరిగింది చెప్పేస్తే, ఈ గదిలో ఒక్కరు కూడా ప్రోకోప్‌ని తక్కువ చెయ్యరు. ఇంకా ఎక్కువ గౌరవిస్తారు కూడా. కానీ అతను ఎవరికీ చెప్పదలుచుకోలేదు.

"ఆ చోటు సరికాదు" అంది.

"ఈ ఏటికి సరికాదు, అంతే కదా" అన్నాడు హినెక్. "పోయినేటికి సరే కదా."

ఆమె తల వంచి కార్డు వైపు చూసింది. క్విదో ఆమె మొహం చూశాడు. ప్రోకోప్ గుండె మాత్రలు రెండేళ్ళపాటు కట్టి ఇచ్చిన చెయ్యి అతనిది. ఎన్ని మాత్రలు ఎప్పటికప్పుడు పెరిగాయో ఊళ్ళో అతనికొక్కడికే తెలుసు. మంట దగ్గరికి వెళ్ళమని పోయినేడు తనని కూడా పంపేసిన సంగతి అతనికి అప్పుడు గుర్తొచ్చినట్టుంది. కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు.

"అక్కయ్య చెప్పింది చాలు" అన్నాడు. "పాతొద్దు. తీసెయ్యాలన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. బోర్డు మీద గ్రహాలు ఎనిమిది, కింద మరుగుజ్జులు వేరేగా. ప్లూటోని ఏటేటా జరుపుదాం. సరేనన్నవాళ్ళు కార్డులెత్తండి."

కార్డులు లేచాయి. హినెక్‌ది చివర లేచింది.

"నేను ఎనిమిదికి ఎత్తలేదు" అన్నాడు. "జరపడానికి ఎత్తాను. రాసుకోండి."

పండుగనాడు ఎండ కాసింది. ముందురోజు రదానా, హినెక్ గునపంతో పట్టీల చుట్టూ నేల వదులు చేసి ఉంచారు. హెద్వికా రొట్టె, ఆవముద్ద, ఫ్లాస్కు తెచ్చింది. తాడు కూడా ఈసారి ఆమె భుజం మీదే ఉంది. రాతి మీద 'తొమ్మిది' అన్న అంకెని హినెక్ ముందే అరగదీశాడు. తిట్టుకుంటూనే చేశాడు కానీ, గీత పడకుండా నున్నగా చేశాడు.

బండికి పగ్గం కట్టారు. క్విదో కోటు విప్పి కొమ్మకి తగిలించి, పగ్గం ముందు కొస పట్టుకున్నాడు.

"ఏమిటయ్యా, ఇరవై రెండేళ్ళకి నువ్వు బరువు పట్టుకుంటున్నావు?" అన్నాడు హినెక్.

"లాగవయ్యా" అన్నాడు క్విదో.

బండి మొరాయించి, కిర్రుమని, ఒక్కసారిగా కదిలింది. దాని కింద నేల తెల్లగా, పాలిపోయిన గడ్డి వేళ్ళతో ఉంది. ఎర్రని పురుగొకటి వెలుతురు చూసి చటుక్కున మట్టిలోకి దూరింది. వాళ్ళు లాగుతూ పోయారు. ఎప్పుడూ ఆగే దూరం దగ్గరపడుతున్నా హెద్వికా ఇంకా చాలా ముందుకి చూపించింది.

"ఈసారి ఇంత దూరమేమిటి టీచరమ్మా?" హినెక్ రొప్పుతున్నాడు. "ప్రాగ్ వాళ్ళు వెళ్ళగొట్టేసరికి జడిసి పరుగెత్తిందా?"

"అలాగే అనుకో."

మరి రెండు బారలు లాగాక ఆమె చెయ్యెత్తింది. "ఇక్కడ కాసేపు ఆపండి."

"వచ్చేశామా?"

"లేదు. ఒక్క నిమిషం."

ఆమె అలిసిపోయిందనుకుని హినెక్ చెట్టుకి ఆనుకున్నాడు. రదానా జేబులోంచి కాగితం తీయబోయి, తీయకుండా ఊరుకుంది. పోయినేడు రాయి ఉండాల్సిన చోటు అదే. క్విదో టోపీ తీసి చేతిలో పట్టుకుని, పైన్ కొమ్మల వైపు చూస్తూ నిలబడ్డాడు.

హెద్వికా వంగి, గాజు బిళ్ళ మీద పడిన మట్టిని చేతిరుమాలుతో తుడిచింది. లోపల ఆవగింజ అలాగే ఉంది. ఇన్నేళ్ళలో రంగు కొంచెం ముదిరింది, అంతే. ఆమె గాజుని రెండుసార్లు తుడిచింది. తర్వాత చేతిరుమాలు మడిచి లోపల పెట్టుకుంది.

"ఇప్పుడు పదండి" అంది, పగ్గం భుజానికి ఎత్తుకుంటూ. "ఈ ఏటిది ఇంకా ఉంది."